మధురవాడ లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్: కాగితం నుంచి కానుగ దాకా

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. విశాఖలో మధురవాడ వైపు 1990ల్లో అప్పటి వుడా, అంటే విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, ఆమోదించిన లేఅవుట్ మీది. మధ్యలో పార్కుకని వదిలిన జాగా ఉంది. ఇన్నేళ్లూ అందులో ఇళ్ల పెంకులు, చెత్త పోశారు, తుప్పలు లేచాయి. ఇప్పుడు కొందరు అక్కడ కమ్యూనిటీ హాలు కడదామంటున్నారు, ఇంకొందరు వాటర్ ట్యాంకు అంటున్నారు, పక్క ప్లాటాయన తన ప్రహరీని కాస్త ముందుకు జరిపాడు. మీరూ మరో పది ఇళ్లవాళ్లూ కలిసి తొలకరికి మొక్కలు నాటేద్దామనుకుంటున్నారు. నాటితే జాగా నిలుస్తుందా, ఏ మొక్కలు వేయాలి, ఎవరిని కలవాలి అని అడిగారు.

నేను టౌన్ ప్లానింగ్‌లో ముప్పై ఏళ్ల పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. సర్వేయరు వెనక గొలుసు పట్టుకుని తిరిగిన రోజుల నుంచి ఈ ఊరి ఖాళీ జాగాలు నాకు తెలుసు. నా మాట ఇది: ఈ ఏడాదికి మొక్కలు ఆపండి, ముందు కాగితం వెతకండి. ఈ తొలకరి పోతే మరో తొలకరి వస్తుంది. జాగా రికార్డు ఒకసారి తప్పిందంటే మళ్లీ దారికి తేవడానికి పదేళ్లు పట్టవచ్చు.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట ఒక కాలనీవాళ్లు మీలాగే ఓపెన్ స్పేస్‌లో ఎనభై దాకా మొక్కలు వేశారు. వేపలు, కానుగలు మనిషెత్తు దాటాయి. ఒక పెద్దావిడ రోజూ బియ్యం కడిగిన నీళ్లు బిందెతో మోసుకొచ్చి పాదుల్లో పోసేది. ఒక ఉదయం ఒకాయన రిజిస్టర్డ్ దస్తావేజు, జేసీబీ వెంటబెట్టుకుని వచ్చాడు. లేఅవుట్ వేసిన ఆసామి ఆ జాగాను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయకుండా, అంటే ఉచితంగా రాసివ్వకుండా, నాలుగు ప్లాట్లుగా అమ్మేశాడు. కాలనీవాళ్ల దగ్గర మొక్కలు నాటిన రోజు ఫొటోలున్నాయి, లేఅవుట్ ప్లాను కాపీ లేదు. మేము ఫైలు వెతికి ఆపుదల ఉత్తర్వు పట్టుకెళ్లేసరికి సాయంత్రమైంది. చెట్లు నేలమీద ఉన్నాయి. జాగా తర్వాత కోర్టులో గెలిచారు, చాలా ఏళ్లకు. ఆ పెద్దావిడ అప్పటికి లేదు.

అందుకే ముందు మీ లేఅవుట్ ఎల్‌పీ నంబరు, అంటే ప్లాను ఆమోదించినప్పుడు ఇచ్చిన నంబరు, పట్టుకోండి. మీ ఇంటి దస్తావేజులో, షెడ్యూలులోనో లింకు డాక్యుమెంటులోనో ఉంటుంది. ఆ నంబరుతో ఆమోదిత ప్లాను నకలు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) నుంచి తీసుకోవాలి. వుడా 1978లో పుట్టింది, 2018లో వీఎంఆర్‌డీఏ అయింది, పాత ఫైళ్లు వాళ్ల దగ్గరే ఉండాలి. ప్లానులో మీ జాగా పొడవు వెడల్పులు, విస్తీర్ణం, పక్క ప్లాట్ల నంబర్లు గీసి ఉంటాయి. అదే మీ పునాది.

మధురవాడ వాళ్లు ముఖ్యంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాత విశాఖ కార్పొరేషన్‌లో గాజువాక మున్సిపాలిటీ, 32 గ్రామాలు కలిసి 2005లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పడింది. మీ లేఅవుట్ వేసేనాటికి మీది పంచాయతీ. అంటే రోడ్లు, ఓపెన్ స్పేస్ గిఫ్ట్ డీడ్ జరిగి ఉంటే పంచాయతీ పేరున జరిగి ఉంటుంది. పంచాయతీలు కలిసినప్పుడు రికార్డుల బీరువాలు కూడా కదిలాయి. కొన్నింటి లెక్క సరిగా చేరింది, కొన్నింటిది చేరలేదు. జాగా చట్టప్రకారం ప్రజలదే అయినా కార్పొరేషన్ ఆస్తుల రిజిస్టరులో దానికి వరుస లేకపోవచ్చు. వరుస లేని జాగాకు కంచె వేయమంటే ఏ ఇంజనీరూ ఎస్టిమేటు వేయలేడు. నా అనుభవంలో ఓపెన్ స్పేస్‌లు పోయింది ఎక్కువగా ఈ సందులోంచే. కబ్జాదారుడి ధైర్యం కన్నా ఈ ఖాళీ వరుసే వాళ్లకు ఎక్కువ ఉపయోగపడింది.

సమాచార హక్కు దరఖాస్తు రెండు చోట్లా వేయండి, వీఎంఆర్‌డీఏలో ఒకటి, జీవీఎంసీలో ఒకటి. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. ఏం అడగాలో జాగ్రత్తగా రాయండి: ఫలానా ఎల్‌పీ నంబరు ఆమోదిత ప్లాను నకలు, అందులోని రోడ్లు, ఓపెన్ స్పేస్ అప్పగించిన గిఫ్ట్ డీడ్ నకలు, ఆ స్థలం ఆస్తుల రిజిస్టరులో నమోదైన పేజీ నకలు. ఇంతే. ‘ఎందుకు కాపాడలేదు’, ‘ఎవరు బాధ్యులు’ అని అడగకండి. ఆ కోపం న్యాయమైనదే, కానీ ఆ చట్టం కింద ఉన్న కాగితం నకలు వస్తుంది తప్ప సంజాయిషీ రాదు. ఆ ఒక్క వాక్యం వల్ల దరఖాస్తు మొత్తం పక్కన పడిపోవడం చాలాసార్లు చూశాను.

ఈలోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ (జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి, లేఅవుట్ వేసిన సంవత్సరం నుంచి ఇప్పటిదాకా. ఓపెన్ స్పేస్ హద్దులతో ఏదైనా అమ్మకం జరిగి ఉంటే అక్కడ బయటపడుతుంది. జరగలేదని తేలితే ఆనందించి ఊరుకోవద్దు. ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో, అదే అందరూ 22ఏ అంటారే, అందులో చేర్పించమని కమిషనర్ గారికి అర్జీ పెట్టండి. ఒకసారి అందులో పడితే దొంగ దస్తావేజు పుట్టడం కష్టం. కంచె కన్నా ఇది గట్టిది. కంచె ఇనుము రెండు వర్షాకాలాల ఉప్పుగాలికి తుప్పుపడుతుంది.

ప్లాను చేతికొచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు వెళ్లి మీరే కొలవండి. సర్వేయరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. 30 మీటర్ల టేపు, గునపం, ప్లాను జిరాక్సు చాలు. మొన్నామధ్య ఒక కాలనీవాళ్లు రమ్మంటే వెళ్లాను. ప్లానులో ఆ పక్క 32 మీటర్లు, టేపు 28 దగ్గర ప్రహరీకి తగిలింది. ఇంటాయన మర్యాదస్తుడే, ‘మా నాన్నగారు కట్టించారు సార్, హద్దు ఇదే అన్నారు’ అన్నాడు. నిజంగానే అలా నమ్ముతున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. ఎదురు మూల నుంచి కొలుచుకుంటూ వచ్చి, రాయి ఎక్కడ ఉండాలో లెక్క కట్టి గునపంతో తవ్వించాం. పైన టైల్సు ముక్కలు, సున్నం పెళ్లలు, ఒక చిరిగిన సిమెంటు బస్తా. మోకాలి లోతు దిగాక గునపం చప్పుడు మారింది. అంతదాకా బొరబొరమన్నది కాస్తా ఠంగుమంది. చేత్తో మట్టి తుడిస్తే నాలుగు పలకల హద్దురాయి, మీద గీసిన బాణం గుర్తుతో సహా. ప్రహరీకి నాలుగు మీటర్లు అవతల, అంటే వాళ్ల పెరటి కొబ్బరిచెట్టు మొదట్లో ఉంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆరునెలలు గడువు అడిగి గోడ వెనక్కి కట్టుకున్నాడు. కొబ్బరిచెట్టు మాత్రం పార్కులోకి వచ్చింది, ఇప్పటికీ కాస్తోంది.

రాయి దొరికితే ఫొటో తీయండి, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలతో ఆ రోజే ఒక కాగితం రాసుకోండి. తర్వాత వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి అర్జీ ఇచ్చి అధికారిక సర్వే కోరండి. సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి. మీ పక్కింటాయనతో మొదటి రోజే తగువు పెట్టుకోవద్దు. ముందు కొలత చూపించండి. ఎదురుగా టేపు పరిచి ఉన్నప్పుడు చాలామంది మాట మారుతుంది.

ఇక హాలు, ట్యాంకు సంగతి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రెండూ వద్దు. పార్కుకని వదిలిన జాగా ప్రజలకు ఉపయోగపడే మరో పనికైనా సరే మళ్లించకూడదన్న సూత్రం మన దేశంలో గట్టిగానే ఉంది. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన నిలవలేదు. అంతేకాదు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు అడిగే హక్కు ఉందని కూడా స్పష్టం చేసింది. మీ కాలనీ సమావేశంలో ఈ తీర్పు పేరు చెప్పండి. కోర్టుకు వెళతామని బెదిరించడానికి కాదు, హాలు కట్టాక ఎవరైనా ఒక్కరు కేసు వేసినా డబ్బు, హాలు రెండూ చిక్కులో పడతాయని అర్థమవడానికి.

అయినా హాలు కోరేవాళ్లు మీకు శత్రువులు కారు. పెళ్లి చూపులకో, సీమంతానికో బయట ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకోలేనివాళ్లు అడుగుతున్నారు, అది నిజమైన అవసరం. 2017 లేఅవుట్ నిబంధనల్లో 10 శాతం ఓపెన్ స్పేస్ కాక సామాజిక అవసరాలకు విడిగా స్థలం వదలాలన్నది అందుకే. మీది పాత లేఅవుట్, మీకు ఆ వాటా లేదు. కాబట్టి వార్డులో ఇంకెక్కడ ప్రభుత్వ జాగా ఉందో, ఉన్న భవనంపై అంతస్తు వేయవచ్చేమో మీరే ముందుగా వెతికి చూపించండి. ‘వద్దు’ అనే అర్జీతో పాటు ‘అక్కడ కట్టండి’ అనే అర్జీ జతచేస్తే మీ మాటకు బలం వస్తుంది.

10 శాతం అన్నాను కాబట్టి ఒక లెక్క మీ ముందు పెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆ శాతం భూమి మీద లెక్క, మనుషుల మీద కాదు. మీ లేఅవుట్‌లో 300 ప్లాట్లున్నాయనుకుందాం. ఇల్లుకు నలుగురు చొప్పున 1200 మంది. నగరాల ప్రణాళికకు కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని ఉంది. ఆ ప్రకారం 12 వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు 3 ఎకరాలు కావాలి. ఇప్పుడు మధురవాడలో ఏం జరుగుతోంది? పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు, ఒక కుటుంబం ఉన్నచోట ఎనిమిది వస్తున్నాయి. మనుషులు పెరిగారు, పార్కు పెరగలేదు. అందుకే ఉన్నదాంట్లో గజం కూడా వదులుకోవద్దని ఇంత పట్టుగా చెబుతున్నాను. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసినప్పుడు వదలని ఓపెన్ స్పేస్‌కు బదులు చార్జీ వసూలు చేస్తారు. ఆ సొమ్ము ఆ చుట్టుపక్కలే ఖాళీ జాగా కొనడానికి, బాగుచేయడానికి పోవాలి. మీ వార్డులో ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చయిందన్నది మీ కార్పొరేటరు గారిని ప్రతి సమావేశంలో అడగదగ్గ ప్రశ్న.

పార్కు ఒక్కటే చూడవద్దు. మన ఊరి నేల తీరు వేరు. ఇటు కైలాస కొండలు, అటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి పల్లం, ఎదురుగా సముద్రం. కొండమీద పడ్డ వాన గెడ్డల గుండా, అంటే వాగుల గుండా, దిగి సముద్రంలో కలవాలి. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ అని పేర్లున్నవి కొన్ని. పేరులేని చిన్న గెడ్డలు మీ మధురవాడ చుట్టూ కంబాలకొండ వాలు నుంచి ఎన్నో దిగుతాయి. 70 చదరపు కిలోమీటర్ల పైగా ఉన్న ఆ అడవి ఇంకా నిలిచి ఉండబట్టే ఆ వైపు గాలి కాస్త చల్లగా తగులుతుంది, బోర్లలో నీళ్లుంటున్నాయి. ఈ గెడ్డల గట్లే మన ఊరికి అసలైన పచ్చని దారులు కాగలవు. భవన నిర్మాణ నిబంధనల్లో 10 మీటర్ల కన్నా వెడల్పున్న గెడ్డకు రెండువైపులా 9 మీటర్లు, అంతకన్నా సన్నదానికి 2 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని ఉంది. మీ లేఅవుట్ అంచున ఉన్న గెడ్డను మీరు ‘కాలవ’, ‘డ్రైను’ అంటున్నారు. గ్రామ నక్షాలో ఏమని ఉందో చూడండి. గెడ్డ అని ఉంటే ఆ వదిలిన పట్టీ పొడవునా మొగలి, కానుగ, తాటి వేసుకుని నడకదారి చేయవచ్చు. మూత వేసి పైన షాపులు కట్టడం మొదలైతే మాత్రం వానాకాలం నీళ్లు మీ సెల్లార్లలోకే వస్తాయి.

దీన్నంతా ప్రణాళికలోకి ఎక్కించే దారి ఉంది. మాస్టర్‌ప్లాన్ పటంలో మీ పార్కు ఆవగింజంత. అయినా ఆ ఆవగింజకు ఏ రంగు వేశారన్నది ముఖ్యం. 2041 మాస్టర్‌ప్లాన్ ముసాయిదా 2021లో బయటికొచ్చినప్పుడు అభ్యంతరాలు వెల్లువెత్తాయి. వాటిలో పనికొచ్చినవి ఎలాంటివో లోపల కూర్చున్నవాళ్లకు తెలుసు. ‘పచ్చదనం నాశనమవుతోంది, ప్రభుత్వం మేలుకోవాలి’ అని నాలుగు పేజీలు రాస్తే, పరిశీలించాం అని ఒక్క మాట రాసి ముగిస్తారు. ‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణం, ఫలానా ఎల్‌పీ ప్రకారం ఓపెన్ స్పేస్, మీ పటంలో నివాస ప్రాంతం రంగు పడింది, మార్చగలరు’ అని అయిదు లైన్లు, ప్లాను నకలు జతచేసి ఇస్తే దానికి జవాబు రాయక తప్పదు. ఒక కాగితానికి ఒకే విషయం. పది జాగాలుంటే పది కాగితాలు.

మాస్టర్‌ప్లాన్ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వస్తుంది. మధ్యలో భూవినియోగ మార్పు ప్రకటనలు మాత్రం వస్తూనే ఉంటాయి, పేపర్లో మూలన చిన్న అక్షరాలతో. అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులే. మీ కాలనీలో రోజూ పేపరు చదివే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉండకపోరు. మధురవాడ, కొమ్మాది, ఎండాడ పేర్లు కనిపిస్తే చెప్పమని ఆయనకు ఈ పని అప్పగించండి. పార్కులు, పట్టణ అటవీకరణ, పర్యావరణ రక్షణ నగరపాలక సంస్థ పనులని 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులో రాసే ఉంది. 3 లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా అందులోనే ఉంది. 98 వార్డుల ఈ ఊళ్లో వార్డు స్థాయిలో ఒక్కో పచ్చని పటం గీసుకుంటే, అంటే పార్కులు, గెడ్డలు, కొండవాలు, పెద్ద చెట్లు, స్కూలు ఆటస్థలాలు అన్నీ ఒకే కాగితం మీద, ఎంత ఉపయోగమో. మీ పది ఇళ్లవాళ్లు మీ వార్డుకు అది గీయండి. స్కూలు పిల్లలు చేయగల పని అది, కానీ అధికారి బల్లమీద పెడితే అధికారికి లేని సమాచారం అవుతుంది.

ప్రభుత్వం తలచుకుంటే ఏమవుతుందో మనకు ఊరి నడిబొడ్డున ఉదాహరణ ఉంది. సెంట్రల్ జైలు ఊరి బయటికి తరలిపోయాక ఆ స్థలంలో వాణిజ్య సముదాయాలు లేవగలిగేవే, ఎంత విలువైన జాగా అది! అయినా పార్కు వచ్చింది. సాయంత్రం అక్కడ నడిచే జనాన్ని చూస్తే ఊరికి ఆ జాగా ఎంత అవసరమో తెలుస్తుంది.

ఇప్పుడు మొక్కలు. విశాఖలో చెట్టు గురించి మాట్లాడితే 2014 అక్టోబరు 12 దగ్గరే మొదలుపెట్టాలి. హుద్‌హుద్ తుపాను వెళ్లిన మర్నాడు నేను డ్యూటీ మీద తిరిగాను. రోడ్లకు అడ్డంగా పడ్డవాటిలో తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు ఎక్కువ. పచ్చగా, గొడుగులా విరిసి, వేరు పైపైనే పాకే చెట్లవి. కైలాసగిరి గోధుమరంగుకు తిరిగింది. అయితే పడిన చెట్ల మొదళ్లు దగ్గరికెళ్లి చూశాను. ఒక వీధిలో వరసగా నాలుగు చెట్లు కూలాయి. వాటి వేర్ల ముద్ద చతురస్రంగా ఉంది, తొట్టిలోంచి ఊడినట్టు. కాంట్రాక్టరు చెట్టు చుట్టూ మొదలు దాకా సిమెంటు పోశాడు, ఒకవైపు డ్రైను గోడ, ఒకవైపు రోడ్డు. వేరు పోవడానికి దారి లేక అక్కడక్కడే చుట్టుకుంది. అదే వీధి చివర, ఖాళీ ప్లాటు పక్కన ఉన్న కానుగ కొమ్మలు విరిగినా నిలబడింది. ఆ రోజు నుంచి నేను జాతి పేరు అడిగేముందు మొదలు చుట్టూ మట్టి ఎంతుందని అడుగుతాను. దిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మన వీధుల్లోనూ ఆ మీటరు వదిలేలా రోడ్డు ఎస్టిమేట్లలోనే రాయించాలి. మీ వీధి చెట్లకు ఇప్పటికే సిమెంటు గొంతుకు బిగిసి ఉంటే వార్డు ఎమినిటీస్ కార్యదర్శికి చెప్పి తీయించండి. ఉలి, సుత్తితో మెల్లగా తీయాలి. బ్రేకర్ పెడితే వేరు పగులుతుంది.

మీ పార్కుకు నేను వేసేవి: వేప, కానుగ, పొగడ, రేల, నేరేడు, గంగరావి, పొన్న, ఒక మూల రావి. సముద్రపు ఉప్పుగాలికి పొన్న, గంగరావి బాగా తట్టుకుంటాయి. గోడల పక్కన రావి, మర్రి వద్దు. తుపాను తర్వాత తొందరలో ఊరంతా ఏడాకులపాయ నాటారు. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, నిటారుగా అందంగా ఉంటుంది, అందుకే నర్సరీలవాళ్లు ఇచ్చారు. ఇప్పుడు వానలు వెనకబట్టాక అవన్నీ ఒక్కసారి పూసేసరికి ఆ ఘాటు వాసనకు ఉబ్బసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. ఒకే చెట్టును వందలుగా వేసిన ఫలితం అది. కోనోకార్పస్ అసలు తేవద్దు, ఎవరు ఉచితంగా ఇచ్చినా సరే. ఏ జాతినీ పార్కులో అయిదో వంతుకు మించనివ్వకండి. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు వద్దు. ఏటా ఒకవైపే కొమ్మలు నరికితే చెట్టు బరువు అటూ ఇటూ తప్పి, మొదటి పెద్ద గాలికి పడుతుంది.

లాన్ మీద మోజు పడకండి. గడ్డిపరక పచ్చగా ఉండడానికి ఎండాకాలం రోజూ నీళ్లు కావాలి, నీడ ఇవ్వదు. ఆ నీళ్లతో ముప్పై చెట్లు బతుకుతాయి. చిట్టడవి పేరుతో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కిక్కిరిసి నాటే జపాన్ పద్ధతి గురించి కూడా అడిగారు. గెడ్డ అంచున, చెత్త వేయకుండా ఆపాల్సిన మూలన అది బాగుంటుంది. పిల్లలు ఆడే జాగాలో వద్దు, లోపలికి ఎవరూ వెళ్లలేరు.

నాటేముందు పెంకులు, సున్నం పెళ్లలు పూర్తిగా తీయించాలి. పైన మట్టి కప్పి నాటేస్తే రెండో ఏడాది ఆకు పసుపుబారుతుంది. మీ నేల గరపగా ఉంటుంది కాబట్టి గొయ్యి రెండున్నర, మూడు అడుగుల లోతు తవ్వించి, వేసవిలో ఎండనిచ్చి, ఎర్రమట్టి, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) కలిపి నింపండి. మొక్క ఆరడుగులకు తక్కువ వద్దు. కర్రకు కొబ్బరితాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి, బిగించి కడితే గాలికి ఊగక కాండం బలపడదు. రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషిని ముందే కుదుర్చుకోండి. నాటే రోజు వంద మంది వస్తారు, ఏప్రిల్ మధ్యాహ్నం ఎవరు వస్తారన్నదే లెక్క. అక్టోబరుకు ముందు ఎండుకొమ్మలు తీయించండి, తుపాన్ల కాలం కదా. పెద్ద చెట్టు ఏదైనా కొట్టాల్సి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి లేకుండా ముట్టనివ్వకండి.

జీవీఎంసీతో నిర్వహణ ఒప్పందం రాసుకునే అవకాశం అడగండి. అందులో ‘జాగా కార్పొరేషన్‌దే, సంఘానికి నిర్వహణ మాత్రమే’ అని స్పష్టంగా ఉండాలి. అది మీకు నష్టం కాదు, రేపు మీ సంఘంలోనే ఎవరో ఒకరు అక్కడ గది కట్టకుండా అదే కాపాడుతుంది. ఇంకో మాట, కాస్త నొచ్చుకోకండి: గేటుకు తాళం వేసి ‘కాలనీవాసులకు మాత్రమే’ అని బోర్డు పెట్టవద్దు. మీ వెనక కొండవాలు మీద ఉన్న ఇళ్లకు వాకిలి కూడా లేదు. ఆ ఇళ్ల ఆడవాళ్లు మీ కాలనీలో పనికి వస్తారు, వాళ్ల పిల్లలు రోడ్డుమీద ఆడతారు. ప్రజల జాగా అని ఇంతదాకా మనం వాదించింది వాళ్ల తరఫున కూడా. ఒక కాలనీలో కొండ పిల్లలను రానిచ్చాక చెత్త పోయడం ఆగిపోయింది. రోజంతా అక్కడ మనుషులుంటే దొంగతనంగా ట్రాక్టరు తిప్పడానికి ఎవరూ రారు.

మీరు సముద్రం దగ్గరి ఇసుక తిన్నెల గురించి కూడా ఒక వాక్యం అడిగారు. అవి తీర నియంత్రణ నిబంధనల్లో అత్యంత రక్షణ ఉన్న వర్గంలోకి వస్తాయి. వాటి మీద పాకే ఊదాపూల తీగను చెత్త అని పీకేసి మట్టి పోసి కుండీలు పెట్టడం ఎక్కడ కనిపించినా ఫొటో తీసి ఫిర్యాదు చేయండి. ఆ తీగే ఇసుకను పట్టి ఉంచుతోంది.

ప్లాను నకలు చేతికి రాగానే ఎల్‌పీ నంబరు, సర్వే నంబరు, నాలుగు పక్కల కొలతలు, గిఫ్ట్ డీడ్ ఉందో లేదో ఇక్కడే రాయండి. డీడ్ ఉంటే 22ఏ అర్జీ ఒక తీరుగా రాయాలి. లేకపోతే లేఅవుట్ ఆమోద షరతుల ఆధారంగా వేరే తీరుగా రాయాలి. రెండిటికీ నమూనా నేను రాసిపెడతాను. నాటే ఏడాది గోతులు మాత్రం మార్చిలోనే తవ్వించి ఉంచండి.